మా బ్లడ్ బ్యాంకుకి కొత్త ప్రోగ్రామ్ వచ్చిన వర్షాకాలం

జులై నెల, రెండో గురువారం. పొద్దున ఎండ, మధ్యాహ్నం నుంచి ముసురు. హాజరు: మెడికల్ ఆఫీసరు గారు, నేను, నా తోటి టెక్నీషియన్ ఆవిడ, అటెండరు. సెలవు: ఎవరూ లేరు.

డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ నాది ఇదే పద్ధతి. ముందు తేదీ, తర్వాత ఎండో వానో, తర్వాత పనిలో ఎవరెవరు ఉన్నారు. ఆ పైన జరిగింది రాస్తాను. చాలా రోజుల్లో జరిగింది రెండు వాక్యాలకు మించదు. ఆ గురువారం మాత్రం పేజీ నిండిపోయి శుక్రవారం చోటు కూడా ఆక్రమించింది. నా అక్షరాలు ఎప్పుడూ గీత మీద బుద్ధిగా కూర్చుంటాయి. ఆ రోజువి గీత దిగి ఎటో పోయాయి.

ఇది ఇప్పుడిప్పుడే ల్యాబుల్లో చేరుతున్న పిల్లల కోసం రాస్తున్నాను. ముసలాయన కంప్యూటరంటే భయపడ్డాడని నవ్వుకుంటారేమో. నాకు కంప్యూటరంటే భయం లేదు. మీలో కొందరు పుట్టకముందే దాని ముందు కూర్చున్నవాణ్ణి. అది మారబోతోందంటేనే నాకు గుండె దడ.

మాది ఒక మోస్తరు ఆసుపత్రి. పేరూ ఊరూ ఇక్కడ అనవసరం. నెల్లిమర్ల వైపు నుంచీ, శృంగవరపుకోట వైపు నుంచీ, ఆ పైన కొండల్లోంచీ జనం వచ్చేవారు. బ్లడ్ బ్యాంకు కింది అంతస్తులో, వెనక వైపు. సరిగ్గా మా నెత్తి మీద ప్రసూతి వార్డు. పైన స్ట్రెచరు గబగబా దొర్లిన చప్పుడైతే చాలు, మేం గ్లవ్స్ తొడుక్కునేవాళ్ళం.

మా పాత ప్రోగ్రామ్‌ను ఎచ్చెర్లలో చదువుకున్న ఒకాయన ఎప్పుడో తన ప్రాజెక్టు పని కింద రాసిచ్చాడు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. మౌసుతో పని లేదు. ఎఫ్ టూ నొక్కితే కొత్త మనిషి, ఎఫ్ ఫైవ్ నొక్కితే పాత మనిషి, ఎఫ్ నైన్ నొక్కితే రక్తం సంచికి అతికించే లేబులు. కళ్ళు గాజు గొట్టం మీద ఉన్నా వేళ్ళు వాటి దారిన అవి పోయేవి. ఏదైనా తేడా ఉంటే అడుగున ఒక వరుస మిణుకు మిణుకుమనేది. ఎంటర్ కొడితే పోయేది.

దానికి మేం నేర్పిన ఒక అలవాటు ఉంది. ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి.

మా వైపు అమ్మవారి పేరు లేని ఇల్లుండదు. కొడుకు పుడితే ఆవిడ పేరుకి ఒక తోక, కూతురు పుడితే ఇంకో తోక. ఊరు సగం ఒకే ఇంటిపేరు. కాబట్టి ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న మనుషులు వారానికి ఇద్దరు ముగ్గురు మా కిటికీ దగ్గరకు వచ్చేవారు. వాళ్ళను విడదీయడానికి పేరు పక్కన బ్రాకెట్లో ఒక ముక్క రాసేవాళ్ళం. నూతి పక్క. మిల్లు. రెండో కోడలు. మాష్టారి గారి పాలేరు. ఒకాయనకి నా తోటి ఆవిడ "కోపిష్టి" అని రాసింది. ఆయన రెండేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు ఆ ముక్క చూసే గుర్తుపట్టాం. తప్పుగా రాయలేదనీ తెలిసింది.

ఇంకో అలవాటు ఫోను నంబరుది. పాత ప్రోగ్రామ్‌లో ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకు కదిలేది కాదు. పొలం పనిలోంచి లేచి వచ్చిన ముసలమ్మకి ఫోను నంబరెక్కడిది? అందుకని ఎవరు మొదలుపెట్టారో గానీ, నంబరు లేనివాళ్ళందరికీ మా బ్లడ్ బ్యాంకు ల్యాండ్‌లైను నంబరే వేసేవాళ్ళం. అది మాకు నోటికొచ్చు. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

జూన్ చివర్లో కొత్త ప్రోగ్రామ్ వేయడానికి కంపెనీ నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. మర్యాదస్తుడు. బూట్లు బయట విప్పి లోపలికొచ్చాడు.

"సార్, ఇక మీరు చేయాల్సిందేమీ ఉండదు. అంతా అదే చూసుకుంటుంది" అన్నాడు.

"మరి మేమేటి సెయ్యాలి బాబూ?" అంది నా తోటి ఆవిడ. పాత మిషను చర్చి కుటుంబం ఆవిడది. ఆదివారం గుళ్ళో పాడే గొంతుతోనే సోమవారం మమ్మల్ని దులిపేది.

"క్లిక్ చేస్తే చాలు మేడమ్."

"అమ్మయ్య. గది ఊడ్సమంతారేమో అనుకున్నాను."

పాతదాన్ని కూడా కొన్నాళ్ళు పక్కన ఉంచమని అడిగాను.

"రెండూ ఉంటే మీరు పాతదే వాడతారు సార్. ప్రతి చోటా అదే జరిగింది."

అది అబద్ధమని అనలేకపోయాను. మర్నాటి నుంచి పాతది తెరుచుకోలేదు. తెర మీది దాని బొమ్మ నొక్కితే, ఈ ప్రోగ్రామ్ ఇక ఈ యంత్రంలో నడవదని ఒక ముక్క వచ్చేది. కొద్ది రోజులు పొద్దున్నే వచ్చి ఒకసారి నొక్కి చూసేవాణ్ణి. ఎందుకో అడక్కండి.

కొత్తది తెల్లగా, విశాలంగా, అచ్చం ప్రైవేటు ఆసుపత్రి వరండాలా ఉండేది. ఎఫ్ నైన్ నొక్కితే లేబులు రాదు, ప్రోగ్రామే మూసుకుపోతుంది. ఎన్నాళ్ళో అలవాటైన వేలు ఊరుకుంటుందా? రోజుకి నాలుగైదు సార్లు నా చేత్తో నేనే బయటికి నెట్టేసుకునేవాణ్ణి. చేతులకి సీరం అంటి ఉండగా మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ పాస్‌వర్డ్‌ని నెలనెలా మార్చాలి, పాతది మళ్ళీ పెట్టకూడదు. మధ్యలో ఉన్నట్టుండి తెర నీలంగా మారి, దయచేసి ఆపవద్దు, మెరుగుపరుస్తున్నాం అనేది. అది మెరుగుపడేంతవరకూ మేం ఒకరి మొహాలొకరం చూసుకుంటూ కూర్చునేవాళ్ళం.

వీటన్నిటికీ అలవాటు పడతాం. పడ్డాం కూడా. ఎఫ్ నైన్ మీటను ప్లాస్టరు ముక్కతో కప్పేశాను. తెర మీద ఏ గడి ఎక్కడుందో ఒక కాగితం మీద బొమ్మ గీసి గోడకి అంటించాను. పైన స్ట్రెచరు చప్పుడు వినగానే అవసరమున్నా లేకున్నా ఒకసారి లాగిన్ అయి కూర్చునేవాణ్ణి. రిటైర్మెంటు ఇంకో ఏడాదే ఉంది. ఇన్నేళ్ళూ ఒక సంచి తప్పు మనిషికి పోలేదు. ఈ ఒక్క ఏడాదీ గట్టెక్కితే చాలనుకునేవాణ్ణి. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా చెవి మాత్రం పైనుంచి వచ్చే చప్పుడు మీదే ఉండేది, మా ఇంటికి మేడ లేకపోయినా.

రెండో వారంలో వేరే రకం వింతలు మొదలయ్యాయి. రక్తం ఇవ్వడానికి వచ్చిన ఒక కొబ్బరికాయల వ్యాపారి పేరు కొడితే, ఆయన ఒకే రోజు రెండు ఊళ్ళ శిబిరాల్లో రక్తం ఇచ్చినట్టు చూపించింది. ఒక చోట వయసు ముప్పై చిల్లర, ఇంకో చోట యాభై దాటింది.

"పొద్దుట కుర్రోడు, సాయంత్రానికి ముసిలోడు. మా మావ కూడా ఇలగే బావుగారూ, జీతం అందిన రోజున" అన్నాడు అటెండరు.

నాకు నవ్వు రాలేదు. ఇది ఇద్దరు మనుషుల్ని కలిపేస్తోందని కంపెనీకి ఫోను చేశాను. నా ఫిర్యాదుకి టికెట్ ఇచ్చామని చెప్పి పెట్టేశారు.

"టికెట్టిచ్చినారు గదా, బస్సెప్పుడొస్తాదట?" అంది నా తోటి ఆవిడ.

బస్సు రాలేదు. గురువారం వచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. వాన పట్టుకుంది. పైన స్ట్రెచరు దొర్లింది. వెంటనే అటెండరు రక్తం తీసిన ఒక గొట్టం, ఒక చీటీ పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు.

"బావుగారూ, కాన్పయిన మనిసికి రగతం ఆగడం నేదంట. బేగీ కావాలంట, పెద్ద డాక్టరమ్మ కేకలేత్తంది."

గొట్టం మీద అమ్మవారి పేరు, ఊరి పేరు. ఆ పేరు నేనిక్కడ రాయను. మా వైపువాళ్ళకి రాయనక్కర్లేదు కూడా.

గ్రూపు చూశాను. బి పాజిటివ్. మందు చుక్క వేయగానే రక్తం నిక్షేపంగా పలుకులు కట్టింది, అనుమానం అక్కర్లేదు. ఫ్రిజ్‌లో బి పాజిటివ్ సంచులు కావలసినన్ని ఉన్నాయి. ఓ పాజిటివ్ ఒక్కటే ఉంది. వానల్లో రక్తదాన శిబిరాలు తగ్గిపోతాయి, ముందు ఓ అయిపోతుంది. ఈమెది బి అయినందుకు మనసులో ఊపిరి పీల్చుకున్నాను. రెండు బి సంచులు తీసి, ఆ గొట్టంలోని రక్తంతో సరిపడతాయో లేదో చూశాను. సరిపడ్డాయి. లేబులు కోసం కంప్యూటరు ముందు కూర్చుని పేరూ ఊరూ కొట్టాను.

తెర మధ్యలో ఎర్రటి పెట్టె ఒకటి లేచింది. ఈ రోగి పాత రికార్డు ప్రకారం ఓ పాజిటివ్. ఇవ్వడం నిలిపివేయబడింది.

ఎంటర్ కొట్టాను. పోలేదు. మళ్ళీ కొట్టాను. పెట్టె కదలకుండా కూర్చుంది.

ఓ గ్రూపు మనిషికి బి రక్తం ఎక్కిస్తే ఏమవుతుందో మీకు కాలేజీలో చెప్పే ఉంటారు. బయటివాళ్ళ కోసం రాస్తున్నాను. ఎక్కిన రక్తాన్ని ఒళ్ళు శత్రువనుకుంటుంది. కణాలు లోపలే పగిలిపోతాయి, మూత్రపిండాలు మూతబడతాయి. రక్తం పోయి సోలిపోయి ఉన్న బాలింత అయితే ఇక తిరిగిరాదు. ఓ రక్తం మాత్రం ఎవరికిచ్చినా ఈ ప్రమాదం రాదు. అందుకే అది ఎప్పుడూ కరువు.

"మళ్ళీ కలిపీసినాదా?" అంది నా తోటి ఆవిడ వెనక నుంచి చూసి.

"కలిపేసింది."

అదే గొట్టంలోంచి ఆవిడ తన చేత్తో మళ్ళీ గ్రూపు చూసింది. బి పాజిటివ్.

"బియ్యే మాస్టారూ. గొట్టం అబద్ధమాడదు. ఈ పెట్టే ఆడతన్నాది."

ఫోను మోగింది. పైనుంచి ప్రసూతి డాక్టరు గారు. "ఏటండీ ఇంకా? మనిషి చల్లబడిపోతోంది ఇక్కడ. కంప్యూటరా? కంప్యూటర్ని తెచ్చి ఎక్కించమంటారా?"

ఫోను పెట్టేశాను. ఎర్ర పెట్టెను దాటాలంటే దారి ఒకటే. చేత్తో లేబులు రాసి, దాని మీద మా మెడికల్ ఆఫీసరు గారి చేత సంతకం పెట్టించాలి. రెండు బి సంచులూ ట్రేలో పెట్టుకుని ఆవిడ గదికి పరిగెత్తాను. ఆవిడ వచ్చి ఏడాది కాలేదు. మా అమ్మాయి కన్నా చిన్నది.

"మేడమ్, కంప్యూటరు మళ్ళీ ఇద్దరిని కలిపేసింది. ఇద్దరం విడివిడిగా చూశాం, బి పాజిటివ్. సంతకం పెట్టండి."

ఆవిడ పెన్ను తీసింది. రాయలేదు.

"గొట్టం ఆమెదేనా?"

"పేరుంది, ఊరుంది మేడమ్."

"ఎవరైనా చూశారా, ఆమె చేతిలోంచి తీయడం?"

"మేడమ్, పోయిన వారం నుంచీ ఇది ఇద్దరిని ఒకరిగా చేస్తూనే ఉంది. కంప్యూటరు తప్పు..."

"తప్పే కావచ్చండీ. ఇక్కడ తప్పు చేయగలిగేది అదొక్కటేనా?"

కోపం వచ్చింది నాకు. పైన మనిషి పోతోంది, ఈవిడ నాకు పాఠం చెబుతోంది అనుకున్నాను. ఆవిడ లేచి ట్రేలోంచి బి సంచులు తీసి బల్ల మీద పెట్టేసింది. "ఆ ఓ సంచి ఇప్పుడే పైకి పంపించండి, దానికి సంతకం పెడతాను. ఆమెది బి పాజిటివ్ అయినా, ఓ పాజిటివ్ అయినా అది పడుతుంది. మీరు ఖాళీ గొట్టం తీసుకుని పైకి వెళ్ళండి. మీ చేత్తో మీరే తీయండి. మంచం పక్కనే పేరు రాయండి. నేనీలోగా పక్క పట్నం బ్లడ్ బ్యాంకుకి ఫోను చేస్తాను."

"ఉన్న ఒక్క ఓ ఇచ్చేస్తే, తర్వాత వచ్చేవాళ్ళకి?"

"తర్వాత వచ్చేవాళ్ళు ఇంకా రాలేదు. వెళ్ళండి."

అటెండరు ఓ సంచి పట్టుకుని ముందు పరిగెత్తాడు. నేను వెనక. మెట్ల మీద మోకాళ్ళు నొప్పి పెట్టాయని డైరీలో రాసుకున్నాను గానీ, ఆ క్షణంలో నొప్పి తెలిసిందా అంటే అనుమానమే. తిట్టుకుంటూ ఎక్కాను. కంప్యూటర్ని, కంపెనీని, ఆ ఇంజినీరు బూట్లని, మేడమ్‌ని.

వార్డులో ఆ మంచం చుట్టూ తెర లాగి ఉంది. లోపల బాలింత. పెదవులు సున్నం రంగులో ఉన్నాయి. తల దగ్గర ఒక పెద్దావిడ, అత్తగారు, తడిగుడ్డతో నుదురు తుడుస్తోంది. ఓ సంచి ఎక్కడం మొదలైంది. నేను రెండో చేతిలోంచి రక్తం తీశాను. రూలు ప్రకారం మనిషి పేరు పైకి అడగాలి. ఆమె పలికే స్థితిలో లేదు. అందుకని అత్తగారిని చూస్తూ నేనే పేరూ, ఊరూ పైకి చదివాను.

"నన్నేనా బావూ?"

గొంతు తెర అవతల నుంచి వచ్చింది.

తెర కొంచెం తొలగించి చూశాను. కిటికీ పక్క మంచం మీద ఒకామె లేచి కూర్చుంది. నడివయసు. చేతిలో సగం ఒలిచిన కమలాపండు.

"నీ పేరేమిటమ్మా?"

చెప్పింది. అదే పేరు.

"ఏ ఊరు?"

"ఆలదీ మాదీ ఒకటే ఊరు బావూ. నాకు గర్భసంచి ఆపరేసను రేపు. పొద్దుట రగతం తీసీసినారు గదా, మల్లీ తీత్తారేటి?"

నేను వార్డు సిస్టర్ వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. పొద్దున ఇద్దరి నుంచీ రక్తం తీశారు, ఒకామెకి ఆపరేషను కోసం, ఒకామెకి కాన్పు కోసం. రెండు గొట్టాలూ ఒకే స్టాండులో పెట్టారు. రెండింటి మీదా అదే పేరు, అదే ఊరు. కేక వినగానే ఎవరో వచ్చి చేతికందింది తీసి కిందికి పంపేశారు. సిస్టర్ స్టాండులో మిగిలిన గొట్టం పైకి తీసి చూపించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కొత్త గొట్టం మీద పేరూ ఊరూ రాశాను. మంచం నంబరు కూడా రాశాను. కిందికి ఎలా దిగానో గుర్తు లేదు. గ్రూపు చూశాను. నాతో పాటు నా తోటి ఆవిడ కూడా వంగి చూసింది.

ఓ పాజిటివ్.

ఆవిడ అప్పటిదాకా ఏదో ఒకటి అంటూనే ఉంది. ఇప్పుడు మాత్రం "ప్రభువా" అంది, మెల్లిగా. మేడమ్ బల్ల మీద బి సంచులు రెండూ అలాగే ఉన్నాయి. నేను నా కుర్చీలో కూర్చున్నాను.

కూర్చోవడానికి మాత్రం టైము లేదు. ఒక్క సంచి చాలదు. పక్క పట్నం వాళ్ళు రెండు ఓ సంచులు ఇస్తామన్నారు. అటెండరు ఐస్ పెట్టె మోటారు సైకిలుకి కట్టుకుని వానలో బయలుదేరాడు. అతను తిరిగి వచ్చేదాకా ఉన్న ఆ కాసేపు నా ఉద్యోగంలోకెల్లా పొడుగైనది. పైన స్ట్రెచరు చప్పుడు లేదు. అది మంచికో చెడుకో తెలియదు. నా తోటి ఆవిడ ట్యూబులు కడిగింది, కడిగినవే మళ్ళీ కడిగింది. మేడమ్ కిటికీ దగ్గర నిలబడింది. సంతకం గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు. అటెండరు నిలువెల్లా తడిసి వచ్చి ఐస్ పెట్టె బల్ల మీద పెట్టాడు.

"గేటు కాడ రైలు ఆగిపోనాది బావుగారూ. పెట్టి నెత్తినెట్టుకుని పట్టాలు దాటీసినాను. బండి అక్కడే ఉన్నాది."

సాయంత్రం నాలుగు దాటాక పైనుంచి కబురొచ్చింది. రక్తస్రావం ఆగింది. మనిషి కళ్ళు తెరిచింది.

అప్పుడు గానీ నాకు అసలు ప్రశ్న తట్టలేదు. కంప్యూటరు నిజంగానే ఇద్దరినీ కలిపేసిందా, లేదా? కలిపేస్తే, సరైన గ్రూపు ఎలా చెప్పింది?

ఇంజినీరుకి సెల్లులోంచి ఫోను చేశాను. అతను తన ఊళ్ళోంచే మా రికార్డులు తెరిచి చూశాడు.

"అవును సార్, పాతదాంట్లో ఇద్దరున్నారు. బ్రాకెట్లో ఒకామెకి నూతి పక్క, ఒకామెకి మిల్లు అని ఉంది. బ్రాకెట్లో ఉన్నది అనవసరమైన సమాచారం కింద తీసేస్తాం. తర్వాత పేరు, ఊరు, ఫోను నంబరు మూడూ ఒకటే అయితే ఒకే మనిషి కింద లెక్క. వయసు చూడం. మీ వైపు వయసులు ఎప్పుడూ ఒకలా చెప్పరు కదా."

"నంబరు ఒకటేనా?"

"ఒకటే సార్. అసలిది చాలా పెద్ద కుటుంబం లాగుంది. ఈ ఒక్క నంబరు మీద వందల మంది ఉన్నారు. ఉండండి, ఆ ఇంటికి నేనే ఫోను చేసి కనుక్కుంటాను."

నా ముందున్న ల్యాండ్‌లైను మోగింది. నా తోటి ఆవిడ ఎత్తింది.

"ఎవరండీ?"

"నమస్కారమండీ, మీ ఇంటి పెద్దవారితో మాట్లాడాలి" అన్నాడు ఇంజినీరు. నాకు రెండు చెవుల్లోనూ వినిపించింది.

"మా ఇంటి పెద్దోరు మీతోనే మాటాడతన్నారు బాబూ" అని పెట్టేసింది.

సెల్లులో అతను మా నంబరు మళ్ళీ ఒకసారి చదువుకోవడం వినిపించింది.

"ఇద్దరిని కలిపినప్పుడు ఎవరి గ్రూపు ఉంచుతుంది?" అని అడిగాను.

"ఆఖరున నమోదైనవాళ్ళది సార్."

బాలింత ఏడో నెలలో పరీక్షలకి వచ్చింది. కిటికీ పక్క మంచం ఆమె అంతకు కొద్ది రోజుల ముందు వచ్చింది. కాబట్టి ఓ మిగిలింది. ఆ కిటికీ పక్క ఆమె ఒక్క వారం ఆలస్యంగా, బాలింత తర్వాత వచ్చి ఉంటే, తెర మీద బి అని ఉండేది. నా గొట్టంలో బి. ఎర్ర పెట్టె లేచేది కాదు. పచ్చటి టిక్కు పడేది, లేబులు వచ్చేది, నేను నిశ్చింతగా, ప్రోగ్రామ్ ఇవాళైనా సరిగ్గా పనిచేసిందనుకుంటూ ఆ సంచి పైకి పంపేవాణ్ణి. మేడమ్ దాకా వెళ్ళే అవసరమే ఉండేది కాదు.

పాతదే ఉండి ఉంటే? అదీ ఆలోచించాను. పాతదాంట్లో ఇద్దరూ విడిగా కనిపించేవారు. గొట్టంలోది బి కాబట్టి నేను మిల్లు ఆమెను, అంటే కిటికీ పక్క మంచం ఆమెను, ఎంచుకునేవాణ్ణి. సరిపోయిందనుకునేవాణ్ణి.

పిల్లలూ, దీన్నుంచి మీకు చెప్పదగిన నీతి ఏదైనా ఉందేమోనని చాలాసార్లు వెతికాను. కొత్త ప్రోగ్రామ్ మంచిదని చెప్పలేను, అది ఇద్దరు ఆడవాళ్ళను ఒకరిగా చేసింది. చెడ్డదనీ చెప్పలేను, ఆ రోజు అది అడ్డం పడుకుని లేవలేదు కాబట్టే ఒక మనిషి బతికింది. ఒక తప్పు మీద ఇంకో తప్పు ఎదురుగా వచ్చి పడింది, మధ్యలో ఒకావిడ పెన్ను మూత తీసి కూడా రాయకుండా ఆగింది. నేను చెప్పగలిగింది ఇంతే. అడ్డం వచ్చే పెట్టె మీద కోపం వచ్చినప్పుడు ఒకసారి మెట్లెక్కి మనిషిని చూసి రండి. మెట్లు ఎన్నయినా సరే.

ఆ సాయంత్రం ఇంజినీరు కలిపేయడాన్ని ఆపేశాడు. మేడమ్, వార్డు సిస్టర్ కలిసి కూర్చుని, ఇక మీదట మంచం నంబరు లేని గొట్టం కిందికి రాకూడదని నిర్ణయించారు. నేను ఇంటికి వెళ్ళి డైరీ రాశాను. అన్నం సయించలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే, ఏం కాలేదన్నాను. నిజమే కదా, ఏం కాలేదు.

మర్నాడు శుక్రవారం. వాన వెలిసింది. డ్యూటీకి ముందే వార్డుకి వెళ్ళాను. బాలింత పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉంది. పెదవులకి రంగు తిరిగింది. మణికట్టుకి ప్లాస్టరు చుట్టి, దాని మీద మంచం నంబరు పెద్ద అక్షరాలతో రాశారు. అత్తగారు స్టూలు మీద కూర్చుని బిడ్డను ఒళ్ళో పెట్టుకుంది.

"కూకోండి బావూ" అని మంచం చివర చోటు చూపించింది. "నిన్న సూది పట్టుకొచ్చినారు గదా తమరు. సెయ్యి ఒణికిపోతన్నాది, ఈ పెద్దాయనకే ఒంట్లో బాగునేదేమో అనుకున్నాను."

"ఆడపిల్లా అమ్మా?"

"ఆడగుంటే."

"పేరేమనుకున్నారు?"

"అనుకోడానికేటున్నాది? అమ్మోరే గదా గట్టెక్కించినాది. అమ్మోరి పేరే."

"తల్లి పేరూ అదే కదమ్మా."

"నాదీ అదే బావూ."

నాకు చెమట పట్టింది. ముందో వెనకో ఇంకొక ముక్క తగిలించమని బతిమాలాను. రాణి అనో, జ్యోతి అనో, ఏదైనా సరే, కాగితాల్లో తికమక లేకుండా ఉంటుందన్నాను.

ఆవిడ బిడ్డ తలమీది గుడ్డ సర్దుతూ నన్ను జాలిగా చూసింది.

"మా ఈదిలో ఆ పేరుగలోలు పదిమందున్నారు బావూ" అంది. "ఒక్క నాడైనా ఒకల కూడు ఇంకొకలం తినీసినామేటి?"